మీ ముందు ఇంకా లక్షల మంది

విదేశీ గాయకుడు హైదరాబాద్ వస్తాడు. టికెట్లు ఫోన్లోనే అమ్ముతారు. అందరికీ అమ్మకం మొదలయ్యేసరికే కొందరి చేతుల్లో టికెట్లుంటాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చున్నవాళ్లకు ఆ వరస ఎక్కడ మొదలవుతుంది?

మామూలుగా నెలలో 24వ తేదీ, ఉదయం పది గంటలు. ఆ వేళకు విజయనగరంలో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. జిరాక్స్ మిషను ఆగి ఉంటుంది. పాన్‌కార్డు పనిమీద వచ్చినవాళ్లకు "పావుగంట ఆగి రండి మేష్టారూ" అన్న సమాధానం వస్తుంది. కుర్చీలో ఉన్న కుర్రాడి పక్కన ఓ నోటుబుక్కు. అందులో నాలుగైదు కుటుంబాల పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందు రోజే రాసి పెట్టుకున్నాడు. మూడు నెలల తర్వాతి తేదీలకు తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలే ముహూర్తం అది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. వెనక నిలబడ్డ పెద్దాయన ఉండబట్టలేక "వొచ్చిందేటి బావూ?" అంటాడు. కుర్రాడు తల తిప్పడు. "తేదీ ఏదైనా పర్లేదు కదా తాతా, ఆదివారమే కావాలనకు" అంటూనే వేళ్లు ఆడిస్తుంటాడు.

ఈ హడావుడి ముంబైలోనో బెంగళూరులోనో కనిపిస్తే పత్రికలకు పెద్ద వార్త. 2024 సెప్టెంబరు 22, ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే ముంబై కచేరీ టికెట్లు అమ్మకానికి పెట్టారు. పన్నెండు కొట్టకముందే వాటిని అమ్మే బుక్‌మైషో సైటు కుప్పకూలింది. కోటీ ముప్పై లక్షల మంది వరసలో చేరారని రాశారు. 2011 జనాభా లెక్కల్లో పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపితే యాభై లక్షల చిల్లర. చంటిపిల్లలు, మంచం పట్టిన ముసలివాళ్లతో సహా మన రెండు జిల్లాల జనం మొత్తానికి రెండున్నర రెట్ల మంది ఒకే తలుపు తట్టారన్నమాట. ఉన్నవి మూడు రాత్రులకూ కలిపి లక్షన్నర చుట్టూ సీట్లు. సీటుకు ఎనభై మందికి తక్కువ లేరు.

ఇందులో తెలుగువాళ్లు ఆశ్చర్యపోవాల్సింది పెద్దగా లేదు. చక్రం తిరగడం, సర్వర్ పడిపోవడం, డబ్బులు కట్టయి టికెట్ రాకపోవడం మనకు ఏనాడో అలవాటైన బాధలు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి: పన్నెండింటికి మొదలైందని చెప్పే వరస, నిజానికి ఎప్పుడు మొదలైంది అన్నది.

కార్డు ముందు, పాట తర్వాత

ఎడ్ షీరన్ సంగతే తీసుకోండి. ఇంగ్లండ్ గాయకుడు, ఒక్క గిటారుతో స్టేడియాలు నింపేస్తాడు. 2025 జనవరి 30న పుణెలో మొదలుపెట్టి ఫిబ్రవరి 15న ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ముగించిన భారత పర్యటనలో రెండో మజిలీ హైదరాబాద్. ఫిబ్రవరి 2, ఆదివారం, రామోజీ ఫిల్మ్ సిటీ. మనవైపు వాళ్లకు ఇంతకన్నా కలిసొచ్చే చోటు ఉండదు. విశాఖ నుంచి వెళ్లే బస్సుకు హైదరాబాద్ ఇంకా రాకముందే విజయవాడ రోడ్డు మీద తగులుతుంది. టికెట్లు అందరికీ అమ్మింది 2024 డిసెంబరు 11న. అంతకు రెండు రోజుల ముందు, 9వ తేదీనే, హెచ్‌ఎస్‌బీసీ క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు తలుపు తీశారు.

శ్రీకాకుళంలో ఆ బ్యాంకు లేదు. విజయనగరంలోనూ లేదు. అప్పటికి మన పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపించే బోర్డు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుది (2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసిపోయి పేరు మారింది). డ్వాక్రా రుణమిస్తుంది, పంట రుణమిస్తుంది, ఎడ్ షీరన్‌ను మాత్రం ఇవ్వదు. విజయనగరంలో ఇంజినీరింగ్ చదివే ఒకమ్మాయి ఇంట్లో ఆ విదేశీ బ్యాంకు పేరెత్తితే, వాళ్ల నాన్న "అదేటమ్మా, కొత్త చిట్టీల కంపెనీయా?" అని అడిగారట. ఆయన ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే తెలీదు.

ఇది షీరన్ ఒక్కడి పద్ధతి కాదు. 2024 నవంబరు 15న హైదరాబాద్‌లో పాడిన పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ పర్యటనకు సెప్టెంబరులో ముందుగా కొనుక్కోగలిగింది హెచ్‌డీఎఫ్‌సీ పిక్సెల్ కార్డు ఉన్నవాళ్లు. 2024 మార్చిలో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ సింగపూర్‌లో ఆరు రాత్రులు పాడింది. సింగపూర్ అంటే మనకు పరాయి ఊరేం కాదు. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది. వెల్డింగు, ఫిట్టింగు పనులకు వెళ్లిన సిక్కోలు కుర్రాళ్లు అక్కడి షిప్‌యార్డుల్లో కనిపిస్తారు. ఆ కచేరీకీ మొదటి తలుపు యూఓబీ అనే అక్కడి బ్యాంకు కార్డుకే తెరుచుకుంది. కొరియా బృందం బీటీఎస్‌దైతే ఇంకో దారి. డబ్బు కట్టి అభిమాన సంఘం సభ్యత్వం తీసుకున్నవాళ్లకు ముందు టికెట్లు.

బ్యాంకుకు ఇందులో లాభం తేలికగానే అర్థమవుతుంది. కచేరీకి డబ్బు పెట్టి పేరు వేయించుకుంటుంది. టికెట్ మోజులో కొందరు కొత్తగా కార్డు తీసుకుంటారు. పాతికేళ్ల వయసులో, తొలి జీతం నాడు దొరికిన ఖాతాదారు పాతికేళ్లపాటు ఉంటాడని వాళ్ల లెక్క. నిర్వాహకుడికీ నిబ్బరం, అసలు అమ్మకానికి ముందే కొంత సొమ్ము చేతికొస్తుంది. నష్టపోయేది వరసలో చివరివాడు. వాడికి మొత్తం సీట్లలో ముందే ఎన్ని వెళ్లిపోయాయో ఎవరూ చెప్పరు. ఈ దాపరికమే నాకు కిట్టదు. రైల్వేవాళ్లు తత్కాల్‌కు ఎన్ని బెర్తులు, ఆడవాళ్లకు ఎన్ని, ముసలివాళ్లకు ఎన్ని అని కోటాలు పెట్టి చెబుతారు. పాట అమ్మేవాళ్లు ఆ మాత్రం చెప్పరు.

ఆ నంబరు ఎవరిస్తారు?

పోనీ, రెండు రోజులాగి అందరితోపాటే నిలబడదాం. ముందొచ్చినవాడికి ముందు నంబరని చాలామంది నమ్మకం. పొద్దున్నుంచీ సైటు తెరిచి పెట్టుకుని కూర్చుంటారు. పెద్ద అమ్మకాల్లో సాధారణంగా జరిగేది వేరు. వేళకు ముందు వచ్చినవాళ్లందరినీ ఒక గదిలో ఉంచుతారు. వేళ కాగానే అందరి పేర్లూ కలిపేసి, చీటీలు తీసి నంబర్లు పంచుతారు. తెల్లవారుజామునే లేచినవాడికి మూడు లక్షల నంబరు తగలొచ్చు, నిమిషం ముందు వచ్చినవాడికి మూడు వందల నంబరు రావచ్చు. వేళ దాటాక వచ్చినవాళ్లే ఒకరి వెనక ఒకరు చేరతారు.

అన్యాయంలా కనిపిస్తుంది గానీ దీనికో కారణముంది. లక్షల మంది ఒకే క్షణంలో లోపలికి తోసుకొస్తే ఏ సర్వరూ తట్టుకోదు. పైగా మనిషి ఒకసారి నొక్కేలోపు వందసార్లు నొక్కే బాట్ ప్రోగ్రాములుంటాయి, వేగమే కొలతైతే వాటిదే గెలుపు. అమెరికాలో 2022 నవంబరు 15న టేలర్ స్విఫ్ట్ టికెట్లకు ముందుగా పేర్లు నమోదు చేయించుకుని, అందులో కొందరికే కోడ్‌లు ఇచ్చి అమ్మినా అక్కడి టికెట్ల సంస్థ టికెట్‌మాస్టర్ నిలవలేకపోయింది. సైటు మీదికి 350 కోట్ల రిక్వెస్టులు వచ్చిపడ్డాయని ఆ సంస్థే చెప్పుకుంది. ఒక్క రోజులో ఇరవై లక్షలకు పైగా టికెట్లు అమ్మి, ఆ వారంలో అందరికీ జరపాల్సిన అమ్మకాన్ని రద్దు చేసింది. ముందు తలుపు లోంచే సరుకంతా వెళ్లిపోతే వెనక తలుపు తెరవడమెందుకని అనుకుని ఉంటారు.

మనవాళ్లకు నంబరు వచ్చాకే అసలు పరీక్ష. పేజీ రిఫ్రెష్ చేస్తే వరసలో చోటు గల్లంతవుతుంది. ఒకే లాగిన్ రెండు ఫోన్లలో తెరిస్తే ఒకదాన్ని గెంటేస్తుంది. సీటు ఎంచుకున్నాక కొద్ది నిమిషాలే పట్టి ఉంచుతారు. ఆలోపు డబ్బు కట్టాలి. కాలేజీ పిల్లలకు సొంత కార్డులుండవు. బ్యాంకు ఖాతా నాన్న పేరున, ఓటీపీ నాన్న ఫోనుకు. నాన్నేమో రైతుబజార్లో వంకాయలు ఏరుతుంటాడు. "నాన్నా, ఇప్పుడో మెసేజొచ్చింది చూడు, ఆరంకెలున్నాయి, చదువు" అంటే, "ఎవలికీ సెప్పొద్దని కిందే రాసుంది కదమ్మా" అంటాడాయన. సైబర్ మోసాల గురించి బ్యాంకువాళ్లు, పోలీసులు ఇన్నాళ్లూ చెప్పిన పాఠం సరిగ్గా ఆ క్షణంలో ఆయనకు గుర్తొస్తుంది. నిమిషాలు అయిపోతాయి. ఆ ఇంట్లో వారం రోజులు మాటలుండవు.

ఆయన జాగ్రత్త వృథా అనలేం. టికెట్లు అయిపోయాక ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో "నా దగ్గర రెండున్నాయి, సగం అడ్వాన్సు పంపండి" అనేవాళ్లు పుట్టుకొస్తారు. టికెట్ స్క్రీన్‌షాట్ ఒకటే, దాన్ని పదిమందికి అమ్ముతారు. గేటు దగ్గర మొదట స్కాన్ చేయించుకున్నవాడు లోపలికి, మిగతా తొమ్మిదిమంది రోడ్డు మీద.

వేలది లక్షలకు

కోల్డ్‌ప్లే ముంబై టికెట్లు 2,500 రూపాయలతో మొదలై లాంజ్ సీటు 35,000 దాకా ఉన్నాయి. అమ్మకం అయీ అవకముందే, కొన్న టికెట్లను తిరిగి అమ్మే వియాగోగో లాంటి సైట్లలో అవే సీట్లు లక్షలకు పలికాయి. మాకూ వాళ్లకూ సంబంధం లేదని బుక్‌మైషో ప్రకటించింది. ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం ఆ సంస్థ సీఈవోకు సమన్లు పంపింది. అక్టోబరులో కోల్డ్‌ప్లే, దిల్జీత్ టికెట్ల నల్లబజారు మీద ఈడీ ఢిల్లీ, ముంబై, జైపూర్, బెంగళూరు, చండీగఢ్‌లలో సోదాలు చేసింది.

చట్టం లేదా అంటే, కొత్తగా ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ చిల్లర వ్యవస్థీకృత నేరాల జాబితాలో అనుమతి లేకుండా టికెట్లు అమ్మడాన్నీ చేర్చింది. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. మెలిక ఏమిటంటే, ఆ పని ముఠాలో సభ్యుడై చేయాలి. నాలుగు టికెట్లు కొని మూడు మూడింతలకు అమ్ముకున్న ఒంటరి కుర్రాడు దీనికి చిక్కడం కష్టం. సినిమా హాలు ముందు చొక్కా కాలరు వెనక టికెట్లు దోపుకుని "బాల్కనీ, బాల్కనీ" అని గొణిగేవాడు ఇప్పుడు ఎండలో నిలబడక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చుని అదే పని చేస్తున్నాడు.

కోల్డ్‌ప్లేవాళ్లది ఒక్క పని నాకు నచ్చింది. నవంబరు 22న కొన్ని టికెట్లు రెండేసి వేలకు వదిలారు. జంటగానే కొనాలి. సీటెక్కడో కచేరీ రోజున కౌంటర్లో టికెట్ తీసుకునేదాకా తెలీదు. వేదిక పక్కనే పడొచ్చు, చిట్టచివరా పడొచ్చు. సీటు తెలియని టికెట్‌ను ఎక్కువ రేటుకు అమ్మడం ఎంత గడుసువాడికైనా తేలిక కాదు.

మన ఫ్యాన్స్ షోలు

ఇదంతా పట్నపు పోకడ అనుకోనక్కర్లేదు. బీటీఎస్ సభ్యత్వం పద్ధతి మనకు బాగా తెలిసిందే. పెద్ద హీరో సినిమా వస్తోందంటే మొదటి ఆట టికెట్లు గంపగుత్తగా అభిమాన సంఘం చేతికి వెళ్తాయి. ఏ రేటుకు ఎవరికివ్వాలో సంఘం పెద్దలు చూసుకుంటారు. ఫ్లెక్సీకి చందా ఇచ్చినవాడికి ముందు, కటౌట్‌కు పాలు మోసినవాడికి తర్వాత, ఉత్త ప్రేక్షకుడికి మిగిలితే. టికెట్ బయట కౌంటర్లో ఎప్పుడూ కనిపించదు. అమలాపురంలోనైనా ఆమదాలవలసలోనైనా ఇదే తంతు.

ప్రభుత్వాలు ఈ వ్యవహారంలో వేలు పెట్టకపోలేదు. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో గ్రామ పంచాయతీ నాన్ ఏసీ హాల్లో ఎకానమీ టికెట్ ఐదు రూపాయలు. 2025 సెప్టెంబరులో 'ఓజీ' సినిమా బెనిఫిట్ షోకు అదే రాష్ట్రంలో అనుమతించిన రేటు 1,000 రూపాయలు. నాలుగేళ్ల తేడాలో ఐదు నుంచి వెయ్యి దాకా! మొదటిది హాళ్లు మూయించే రేటని యజమానులు గోలపెట్టారు. రెండోదాన్ని అభిమానులు కిక్కురుమనకుండా కట్టారు. కచేరీలవాళ్లు మన దగ్గర నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదేనేమో: మొదటి రోజు, మొదటి ఆట అనేదానికి జనం ఎంతైనా పెడతారు.

కాలం మారి వరసలు పాడయ్యాయని, ఆ రోజుల్లో బాగుండేదని నేననను. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' తొక్కిసలాటలో ఓ తల్లి ప్రాణం పోయింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కౌంటర్ల దగ్గర ఆరుగురు చనిపోయారు, వాళ్లలో విశాఖవాళ్లున్నారు. అదే ఏడాది నవంబరు 1న మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో, ఏకాదశి నాడు, గుడి మెట్ల మీద తొమ్మిది మంది. అక్కడ టికెట్టే లేదు. ఎందరొస్తున్నారో లెక్కపెట్టినవాళ్లూ లేరు. టికెట్‌కు డబ్బు సంగతి తర్వాత. ముందది తలల లెక్క. తెర మీద వరస ఎంత విసిగించినా ఎవరి ఊపిరీ తీయదు.

తిరుపతి ఘటన తర్వాత టీటీడీ చేసిన మార్పు గమనించదగ్గది. 2025 డిసెంబరు 30న వచ్చిన వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లను కౌంటర్లలో ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో పేర్లు తీసుకుని ఈ-డిప్ వేశారు. ఆర్జిత సేవలకు ఈ పద్ధతి ముందునుంచీ ఉంది. నెలలో 18 నుంచి 20 దాకా పేరిచ్చుకోవచ్చు, తగిలినవాళ్లు 22 మధ్యాహ్నంలోగా డబ్బు కట్టాలి. పేరు, ఆధార్ టికెట్ మీదే ఉంటాయి కాబట్టి ఇంకొకరికి అమ్ముకునే వీల్లేదు. జపాన్‌లో పెద్ద కచేరీల టికెట్లకూ చీటీలే తీస్తారు. మిగతా ప్రపంచం కమిటీలు వేసి వెతుకుతున్న మందు మన నెట్ సెంటర్ కుర్రాడికి కంఠతా వచ్చు.

తిరుమలలో మాత్రం అంతా చీటీయేనా అంటే కాదు. సిఫారసు లేఖలున్నాయి. శ్రీవాణి ట్రస్టుకు పదివేల విరాళమిస్తే బ్రేక్ దర్శనం టికెట్ కొనుక్కోవచ్చు. అయినా ఒక తేడా గమనించాను. డిప్‌లో తగలనివాళ్లు "సామి పిలవనేదు, మళ్లీ నెల సూద్దుం" అని లేచిపోతారు. పక్క గేటులోంచి పాసులవాళ్లు వెళ్తుంటే అదే మనుషులు అలా లేచిపోరు. కచేరీ టికెట్ దొరకని పిల్లలదీ అదే కోపం. నంబరు మూడు లక్షలు వచ్చిందని ఎవరూ పెద్దగా ఏడవలేదు. తాము వరసలో చేరకముందే వరస కదిలిందన్నదే మింగుడుపడలేదు.

రైలు మాటేమిటి?

హైదరాబాద్ పిల్లలకు ఒకటే టికెట్. మనకు రెండు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించింది. షీరన్ కచేరీ ముందు రోజు, ఫిబ్రవరి 1న, శ్రీకాకుళం రోడ్డులో ఎక్కాలంటే బెర్తులు తెరిచింది డిసెంబరు 3న. పాట టికెట్లు అందరికీ పెట్టిన 11వ తేదీకి రైలు వరస మొదలై వారం దాటింది. విశాఖ, కోణార్క్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి గానీ, అవి ఒడిశా, బెంగాల్ నుంచే నిండుగా వస్తాయి. కాబట్టి తెలివైనవాళ్లు ముందు రైలు టికెట్ తీసేస్తారు, పాట దొరక్కపోతే రద్దు చేసుకుంటారు. దొరికితే సోమవారం కాలేజీకి ఏం చెప్పాలన్నది మిగిలిన సమస్య.

కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ కచేరీలకు (2025 జనవరి 25, 26) ఈ లెక్క తిరగబడింది. టికెట్లు నవంబరు 16నే అమ్మారు, రైలు ఇంకా తెరవలేదు. పూరీ నుంచి అహ్మదాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగానే పోతుంది. సూరత్ మిల్లులకు వెళ్లే గంజాం కూలీలతో కిటకిటలాడే రైలది. ముంబై పిల్లలకైతే పశ్చిమ రైల్వే కచేరీ కోసం ప్రత్యేక రైళ్లే వేసింది. 26వ తేదీ కచేరీని హాట్‌స్టార్‌లో నేరుగా చూపించారు. రామభద్రపురంలోనో టెక్కలిలోనో ఉన్నవాళ్లకు దక్కిన సీటు అదే. ఆ రాత్రి వాళ్ల ముందు ఎవరూ లేరు.

విజయనగరం గురించి ఒక్క మాట. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరిది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ ఆచార్యుడు ద్వారం వెంకటస్వామినాయుడు. మధూకరం ఎత్తుకుంటూ ఘంటసాల చదివింది ఇక్కడే, పి.సుశీల నేర్చుకున్నదీ ఇక్కడే. అప్పట్లో పాట కోసం పైవాళ్లు ఈ ఊరు వెతుక్కుంటూ వచ్చేవారు. ఇప్పుడు ఊరే రైలెక్కాలి. టికెట్ లేని పాటలు ఉత్సవాల్లో వినిపిస్తాయి. షీరన్ హైదరాబాద్‌లో పాడిన ఆ ఆదివారం నాడే శ్రీకాకుళంలో రథసప్తమి మూడు రోజుల ఉత్సవాలు మొదలయ్యాయి, రాష్ట్ర పండుగ హోదాలో. ఇలాంటి సభల్లో ముందు సోఫాలు ఎవరివో, వెనక నిలబడేది ఎవరో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

షీరన్ తెలుగు పాట పాడాడు కూడా. వారం తర్వాత, ఫిబ్రవరి 9న, బెంగళూరులో గాయని శిల్పారావును పక్కన పెట్టుకుని 'దేవర'లోని 'చుట్టమల్లే' అందుకున్నాడు. హైదరాబాద్‌కు రాని ఆ భాగ్యం కన్నడ రాజధానికి దక్కింది. రాత్రికి రాత్రే ఆ వీడియో అందరి ఫోన్లకూ చేరింది. టికెట్ దొరకని ఆ విజయనగరం ఇంజినీరింగ్ అమ్మాయి దాన్ని హైదరాబాద్ వెళ్లొచ్చిన స్నేహితురాలికి పంపిందట, కింద ఒక్క వాక్యం రాసి: "నువ్వు బెర్తు కొనుక్కుని ఎల్నావు, నాను మంచం మీదే ఉన్నాను, ఈ పాట ఇద్దరం ఫోన్లోనే సూసినాం కదే."